‘కూతురిలాగే’ చాలదు



భర్త చనిపోయిన సహోదరిని పెళ్లి చేసుకున్న ఒక విశ్వాసి నన్ను అడిగాడు: “పాపను సొంత కూతురిలాగే చూసుకుంటున్నానండీ. మళ్లీ దత్తత కాగితాలెందుకు, అయ్యగారూ?”

ప్రేమ ఉంది, నిజమే. కానీ రేపు మీరు లేకపోతే? వీలునామా రాయకుండా పోతే, మన క్రైస్తవులకు వర్తించే వారసత్వ చట్టంలో సవతి బిడ్డకు వాటా లేదు. 1890 నాటి చట్టం కింద మనకు సంరక్షకత్వమే దొరికేది. 2015 బాలల న్యాయ చట్టం కింద ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చు. ఇప్పుడు ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరే. 5 ఏళ్లు నిండిన బిడ్డయితే తన సమ్మతి కూడా కావాలి. అది న్యాయమే. పాపను కూర్చోబెట్టుకుని అడగండి. కన్నతండ్రి ఫోటో గోడమీద అలాగే ఉండనివ్వండి.

యోసేపు మరియను చేర్చుకోవడంతో ఆగలేదు. బిడ్డకు తానే పేరు పెట్టాడు (మత్తయి 1:25). నజరేతువారు ఆయనను యోసేపు కుమారుడిగానే ఎరుగుదురు (లూకా 4:22). పౌలు కూడా దత్తపుత్రాత్మను గూర్చి చెప్పి, ఆ వెంటనే వారసత్వం మాట ఎత్తాడు (రోమా 8:15-17).

దేవుడు మనల్ని పిల్లల్లాగా చూసి ఊరుకోలేదు, పిల్లలుగా చేసుకున్నాడు. తమ్ముడూ, ఆ ‘లాగే’ అన్న మాట తీసేయి. ఆమేన్.