ఉదయగిరి దుర్గమెక్కే పిల్లలకు



సెలవు దొరికితే మీరు గుంపులుగా దుర్గమెక్కుతున్నారు, సంతోషం. కానీ పైన పాత గోడల మీద మేకుతో గీకిన జంట పేర్లు, నడుమ బాణం దిగిన గుండె బొమ్మ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ప్రేమకు గుర్తంటారు. ఆ కోట పేరు చెప్పి మనవాళ్లు చెప్పుకునే ప్రేమకథ ఎలాంటిదో వినండి.

మూడు వేల అడుగులు దాటిన ఆ కొండ అప్పట్లో గజపతి రాజులది. విజయనగర రాజు కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి, దారి కోసం బండలు పగలగొట్టించి, 1514లో గెలిచాడు. గజపతుల పక్షాన కోటను కాచిన తిరుమల రౌతరాయణ్ణి సజీవంగా పట్టుకున్నాడు. కోటలోని బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ ఏడు జులై 6న తిరుమలలో స్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించాడు.

యుద్ధం అక్కడితో ఆగలేదు. గజపతుల చేతిలోంచి కొండవీడు కూడా పోయింది, కళింగం దాకా రాయల సేనలు నడిచాయి. చివరికి సంధి కుదిరి, ప్రతాపరుద్ర గజపతి తన కూతుర్ని రాయలకిచ్చాడు. తుక్క అనీ, జగన్మోహిని అనీ, అన్నపూర్ణ అనీ ఆమెకు పేర్లు. రాయలు ఆదరించలేదనీ, ఆమె కంభంలో ఒంటరిగా బతికిందనీ, అక్కడి పెద్ద చెరువు గజపతి కూతురే కట్టించిందనీ జనం చెప్పుకుంటారు. తుక్కాపంచకమని అయిదు సంస్కృత శ్లోకాలున్నాయి, ఆమెవే అంటారు. తుమ్మెద వాలని పువ్వు మొర అది.

తిరుమల గుళ్లో రాయల పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలున్నాయి. గజపతి కూతురు లేదు.

దీన్ని ప్రేమకథ అనడానికి నాకు నోరు రాదు. అది రాజ్యాల మధ్య ఒప్పందం. అందులో ఆ పిల్ల మాట ఎవరూ అడగలేదు. ఇప్పటికీ మన మెట్ట ఊళ్లలో పొలం కలిసొస్తుందనో, వరస తప్పకూడదనో అమ్మాయిని అడక్కుండానే తాంబూలాలు పుచ్చుకుంటున్నారు. అది చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మాయిలూ, ఇష్టం లేకపోతే ముహూర్తం పెట్టకముందే చెప్పండి. ఇంట్లో వినకపోతే నాలాంటి పెద్దవాళ్ల దగ్గరకు రండి, మేమొచ్చి మాట్లాడతాం. అబ్బాయిలూ, పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు మధ్యవర్తి మాట నమ్మకండి. ఆ పిల్లకు ఇష్టమో కాదో మీరే అడిగి తెలుసుకోండి.

ఇట్లు,
మీ ఊరి పెద్ద