ఆఖరి క్షణం ఒక్కటే కాదు

ఆమధ్య గోదావరిఖనిలో, సింగరేణి కార్మికుల ఇళ్ల మధ్య జరిగిన ఒక సమావేశంలో, పోలీసు కాల్పుల గురించి చట్టం ఏమంటుందో చెబుతున్నాను. ఒక పెద్దావిడ అడ్డొచ్చి, "బండెక్కించినప్పుడు మనుషులు బతికే ఉండిరి గద మేడం, శవాలెట్లయిన్రు? అది చెప్పుండ్రి ముందుగాల" అంది. నా చేతిలోని సెక్షన్ల కాగితాలకన్నా ఆ ప్రశ్నే సూటిగా ఉంది.

ఆమె అడిగింది ఆలేరు గురించి. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళుతున్న ఐదుగురు విచారణ ఖైదీలను ఎస్కార్టు పోలీసులు వ్యానులోనే కాల్చి చంపారు. ఒకరు ఆయుధం లాక్కోబోతే ఆత్మరక్షణకు కాల్చామన్నారు. బేడీలున్న మృతదేహాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి.

ఆత్మరక్షణ హక్కు పోలీసుకైనా పౌరుడికైనా ఒకటే. అవసరానికి మించి హాని చేయకూడదు. ఆత్మరక్షణ అన్నవాళ్లే దాన్ని రుజువు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదులపై 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్, ఆ తర్వాత 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల దర్యాప్తుకు మార్గదర్శకాలిచ్చాయి. అయినా అసలు చిక్కు మిగిలే ఉంది. ఎక్కడినుంచి లెక్కపెట్టాలి? తుపాకీ పేలిన క్షణం నుంచా, వ్యాను బయల్దేరినప్పటి నుంచా?

అమెరికాలో ఒక తల్లి ఇదే ప్రశ్నతో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2016లో టోల్ బాకీల పేరుతో ఆమె కొడుకు కారును ఆపిన పోలీసు, కారు కదలగానే దాని అంచుపైకి ఎక్కి కాల్చి చంపాడు. కాల్చిన రెండు క్షణాలనే చూస్తామన్నాయి కింది కోర్టులు. అలా కుదరదు, మొత్తం పరిస్థితులు చూడాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసుది తప్పని తేల్చలేదు. కొలిచే పద్ధతిని సరిదిద్దింది.

ఈ కొలత బొగ్గుబావుల స్త్రీలకు కొత్తది కాదు. గనిలో పైకప్పు కూలితే పెళ్ల పడిన క్షణాన్ని మాత్రమే అడగరు. సపోర్టులు ఎవరు పెట్టారు, ఎవరు తనిఖీ చేశారు, లోపలికి ఎవరు పంపారు అని అడుగుతారు. పోలీసు వ్యాను విషయంలోనూ అంతే. బేడీలుండగా ఆయుధం అందేంత దగ్గరికి ఎలా వచ్చింది? ఎస్కార్టులో ఎందరున్నారు? బండి ఎక్కడ, ఎందుకు ఆగింది? చంపకుండా అదుపు చేసే దారి లేదా?

పోలీసు వ్యాను కూడా కస్టడీయే. కస్టడీ మరణంపై జ్యుడిషియల్ మేజిస్ట్రేటు విచారణ జరగాలనీ, వీలైనంతవరకు తల్లిదండ్రులకు, భార్యకు, పిల్లలకు, తోబుట్టువులకు కబురుచేసి విచారణలో ఉండనివ్వాలనీ పాత నేర ప్రక్రియా స్మృతి 176వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది 196వ సెక్షన్.

మార్చురీ గుమ్మంలో నిలబడేది ఎక్కువగా స్త్రీలే. అక్కడ వాళ్లను ఓదార్చి వచ్చేస్తే మన పని సగమే అయినట్టు. ఆ విచారణ గదిలోకి వాళ్లతోపాటు మనమూ నడవాలి. బండెక్కించిన దగ్గర నుంచి మొదలుపెట్టమని అడగాలి.