స్టిల్ కబుర్లు: కొనాలా, వద్దా?

అల్వాల్ నుంచి కృష్ణానగర్ దాకా స్టిల్స్ సంచీ మోసే నాకు ఈ వారం నిద్ర లేదండీ! కారణం హీరోయిన్ కాదు, ఫూజీ జీఎఫ్ఎక్స్ 100. 2019లో దిగిన మీడియం ఫార్మాట్ సుందరి. 102 మెగాపిక్సెళ్లు! సెన్సారు నా ఫుల్‌ఫ్రేమ్‌కి సుమారు 1.7 రెట్లు. చెంప మీది వెలుగు మెల్లగా నీడలోకి జారే తీరు చూస్తే... అబ్బ!

కానీ కొనాలంటే చెల్లి పెళ్లికని దాచిన సొమ్ము తియ్యాలి. థియేటర్లో 4కె బొమ్మే 9 మెగాపిక్సెళ్లు దాటదు. పోస్టరు మీరు చూసేది సెల్‌ఫోన్లో! ఫైటు సీనుకి నా పాతదే చురుకు. 120 రోలుకు పన్నెండే బొమ్మలొచ్చే రోజుల్లో తారల్ని మెరిపించింది లైటింగే కదా?

అందుకే ఫస్ట్‌లుక్ రోజున అద్దెకు తెస్తా. ముందు రెండు మంచి లైట్లు కొంటా. షాపాయన ఫోన్ మాత్రం ఎత్తడం లేదు లెండి!