పైఅరలో పెట్టిన పుస్తకం

"పిల్లలకి ఈ ఏడుపుగొట్టు పుస్తకాలెందుకండీ?" అని మన విందుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒకప్పుడు నేనూ అడిగినవాణ్ణే. అందుకే ఈ కోపంలో సగం నా మీద నాకే.

2004లో ఓ అర్ధరాత్రి ఫోను మోగింది. అమ్మ పోయింది. నేను ఊరు చేరేసరికి తమ్ముడు కొరివి పెట్టేశాడు. పెద్దకర్మ అయ్యాక గుండుతో అమెరికా తిరిగొచ్చి, పన్నెండేళ్ళ మా అమ్మాయికి "నానమ్మ దేవుడి దగ్గరికెళ్ళింది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను.

ఆ వారమే అది బడి లైబ్రరీ నుంచి కేథరిన్ పేటర్సన్ 1977లో రాసిన "బ్రిడ్జ్ టు టెరబీతియా" తెచ్చుకుంది. తన కొడుకు స్నేహితురాలు పిడుగుపాటుకి చనిపోతే, ఆ బాధలోంచి పేటర్సన్ రాసిన నవల అది. అందులో చావుందని తెలిసి పైఅరలో పెట్టేశాను. అది కుర్చీ వేసుకుని తీసి, దుప్పట్లో దూరి చదివి ఏడ్చింది. "నాన్నా, నువ్వెందుకు ఏడవలేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మా ఊళ్ళో ఎవరైనా పోతే పిల్లలం గుమ్మం దగ్గర నిలబడి అన్నీ చూసేవాళ్ళం. శోకాలు వినేవాళ్ళం. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కనక పక్కింటి నుంచి అన్నం వెళ్ళేది. పరామర్శకొచ్చినవాళ్ళు పోయినవాళ్ళ కబుర్లే చెప్పేవారు. ఏడవడం ఎలాగో, ఏడుపు ఎలా తగ్గుతుందో మాకు వీధే నేర్పింది. ఇక్కడ ఆ వీధేదీ? ఆఫీసువాళ్ళిచ్చిన మూడు రోజుల సెలవుంది, అంతే. హైదరాబాదు అపార్టుమెంట్లలో మాత్రం ఏం మిగిలింది? ఆ వీధి చేసిన పనిలో కొంతైనా చెయ్యగలిగేది మంచి నవల.

పెద్దలు ముందు జేమ్స్ ఏజీ "ఎ డెత్ ఇన్ ది ఫ్యామిలీ" చదవండి. ఆయన పోయాక 1957లో అచ్చయి, మరుసటేడు పులిట్జర్ అందుకుంది. ఏజీకి ఆరేళ్ళప్పుడు తండ్రి కారు ప్రమాదంలో పోయాడు. నవల్లో పసివాడు రూఫస్ చుట్టూ పెద్దలు గుసగుసలాడుతుంటే, నా గొంతే వినిపించి సిగ్గేసింది. ఝుంపా లాహిరి "నేమ్‌సేక్" (2003)లో గోగోల్ చిన్నప్పుడు తండ్రి గుండు చూసి బెదురుతాడు. అదెందుకో వాడికి పెద్దయ్యాక గాని తెలియదు. మా అమ్మాయి కూడా నా గుండు చూసింది కదా!

పదమూడు దాటినవాళ్ళకి ప్యాట్రిక్ నెస్ "ఎ మాన్‌స్టర్ కాల్స్" (2011) ఇవ్వండి. ఆలోచన శివాన్ డౌడ్‌ది. ఆవిడ 2007లో క్యాన్సరుతో పోతే నెస్ పూర్తిచేశాడు. అమ్మ చావుబతుకుల్లో ఉంటే, ఈ బాధ ఎలాగోలా ముగిసిపోతే బాగుణ్ణు అనుకున్నందుకు తనని తాను క్షమించుకోలేని పిల్లాడి కథ. ఆ మాట పైకి అనే ధైర్యం మనలో ఎందరికుంది?

"పిల్లల మనసు పాడవదా?" అంటారు. తెర మీద పది తలలు తెగుతుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాప్‌కార్న్ తినేవాళ్ళం మనం. ఒక్క చావుకి నిజంగా ఏడిస్తే పాడవుతారా? నవల మందు కాదు, ఒప్పుకుంటాను. గాయం పచ్చిగా ఉన్న పిల్ల చేతిలో బలవంతాన పెట్టమనీ అనను. పక్కన కూర్చుని, అడిగినదానికి జవాబు చెప్పమంటాను.

మన రచయితలకీ ఓ మాట. అర్ధరాత్రి ఫోను కథలు చాలా రాశాం, నేనూ రాశాను. నేను చదివినంతలో, ఏడ్చేది ఎప్పుడూ కొడుకే. పక్కగదిలో మేలుకుని వింటున్న పిల్ల సంగతి రాయరేం?

ఈసారి ఇండియా వెళ్ళేటప్పుడు చాక్లెట్లు కాస్త తగ్గించి ఈ నాలుగింట్లో ఒకటి పెట్టెలో పెట్టుకోండి. ముందు మీరు చదవండి. తర్వాత పిల్లలకివ్వండి. పైఅరలో మాత్రం పెట్టకండి.