జీతం సరే, ఆ మూడేళ్లు గడిచేదెలా?

సంపాదకులకు,

పోలీసు, న్యాయ రంగాల జీతాలపై మీ వ్యాసం సగమే చెప్పింది. ఐపీఎస్ మూలవేతనం రూ.56,100తో మొదలైతే జూనియర్ సివిల్ జడ్జికి రూ.77,840. అందుకే మా బేర్ సరాయ్ జిరాక్స్ కొట్లలో సివిల్స్ నోట్సు పక్కనే జడ్జి పరీక్షల పాత ప్రశ్నపత్రాలు, స్పైరల్ బైండింగుతో సహా.

అయితే 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. తీర్పు సబబే, కోర్టు మెట్లెక్కనివాడు బెయిలు పిటిషన్ ఏం తేలుస్తాడు? కానీ ఆ మూడేళ్లు సీనియర్ దగ్గర ఫైళ్లు మోసే కర్నూలు రైతుబిడ్డకు గది అద్దె ఎవరిస్తారు? పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం రూ.20,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో చెప్పింది. అదీ సిఫారసే! దీన్ని అమలుచేసే దారేదో మీరు రాయాల్సింది.

– ఓ లా పట్టభద్రుడు, బేర్ సరాయ్, న్యూఢిల్లీ