ఓడెక్కి పోయిన పెద్దనాయన



పలమనేరు వైపు ఒక పల్లె నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం రాశారు. వాళ్ల అవ్వకు తొంభై దాటాయి. అవ్వ తండ్రికి ఒక అన్న ఉండేవాడట. పెళ్లి కాకముందే మద్రాసు రేవులో ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు. "మా నాయన చనిపోయేదాకా అన్న ఊసు మానలేదు. పెద్దనాయన నడి సముద్రంలోనే పోయినాడో, ఆ దేశంలో పిల్లాజెల్లాతో బతికినాడో, ఎవరన్నా చెప్తే విని కండ్లు మూస్తాను" అని అవ్వ అంటున్నదట. "ఎక్కడ వెదకాలో తెలియదు. మా చదువులు అంతంతమాత్రం. ఇది మాలాంటివాళ్ల వల్ల అవుతుందా?" అని ఆ సహోదరి అడిగారు.

ఇటువంటి కథ మన పల్లెల్లో ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నది. కావున ఈ నెల ఆమెకిచ్చే జవాబును అందరితో పంచుకుంటున్నాము.

మన వైపు నుండి ఓడెక్కినవారు ఒకరిద్దరు కారు. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసులో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు నేటాల్ రాజ్యపు చెరుకు తోటలకు, తేయాకు తోటలకు, గనులకు, రైలు పనులకు లక్షా 52 వేల మంది మన దేశస్థులు వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుండి పోయినవారే. ఆ ఓడల పద్దులలో ఉత్తర ఆర్కాటు జిల్లా పేరు మాటిమాటికీ కనబడుతుంది. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. అగ్రిమెంటు అనే మాట కూలీల నోట గిర్మిట్ అయింది. మారిషస్ దీవికి 1834 నుండే పోయేవారు. ఫిజీ దీవులకు మద్రాసు నుండి 1903లో మొదలై 1916 దాకా పోయారు. కరువు, అప్పు, మేస్త్రీ చెప్పిన తియ్యని మాటలు – ఇవే చాలామందిని రేవు దాకా నడిపించాయి.

ఇంతమందిలో ఒక్కడిని వెదకడం గడ్డివాములో సూది వెదకడం కాదా అంటారేమో. కాదు. ఆ కాలపు దొరలు కూలీకి కూలి సరిగా ఇచ్చారో లేదో గాని, లెక్క మాత్రం రాసిపెట్టారు. నేటాల్‌లో దిగిన ప్రతి మనిషికి ఒక నంబరు వేశారు. ఆ నంబరు ఎదుట పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు రాశారు. తరువాత అతని పెళ్లి కాగితంలోనూ మరణపు కాగితంలోనూ ఆ నంబరే తిరిగి వస్తుంది. కావున నంబరు దొరికితే మనిషి దొరికినట్టే. కష్టమంతా నంబరు దాకా చేరడంలో ఉన్నది. ఆ దారిలో వచ్చే అడ్డంకులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, కాలము. "ఎప్పుడు పోయినాడవ్వా?" అంటే "ఎప్పుడో" అంటుంది. ఏ సంవత్సరము అని అడగవద్దు. ధాత కరువుకు ముందా, తరువాతా? మీ నాయన పెళ్లికి ముందా? ఆయనకంటే ఎన్నేండ్లు పెద్ద? ఇలా అడగండి. ధాత కరువంటే 1876–78 నాటి కరువు. పెద్దలు తెలుగు సంవత్సరము పేరు చెబితే అది బంగారమే. ఆ పేర్లు అరవై ఏండ్లకొకసారి తిరిగి వస్తాయి. ప్లవ అంటే 1901, లేదా 1961, లేదా 2021లో మొదలైన సంవత్సరము. మిగిలిన కథను బట్టి అందులో ఏదో మీకే తెలుస్తుంది. ఐదారేళ్ల తేడాతో కాలము తెలిసినా చాలు.

రెండవది, పేరు. ఈ చిక్కు మన క్రైస్తవ కుటుంబాలకు మరీ ఎక్కువ. ఓడ పద్దులో తండ్రి పేరు ఉంటుందని చెప్పాము. మీ ఇంట్లో ఆ ముత్తాతను అబ్రాహాము తాత అని తలచుకుంటారు అనుకుందాం. గాని కొడుకు ఓడెక్కిననాటికి ఆ ఇంటికి ఇంకా సువార్త రాలేదేమో! అప్పుడు పద్దులో తండ్రి పేరు మునిగాడు అనో చెంగడు అనో ఉంటుంది. అబ్రాహాము కోసం ఎంత వెదికినా దొరకదు.

ఈ ముడి విప్పేది డర్బన్‌లో లేదు, మన గుడి బీరువాలోనే ఉన్నది. శ్రద్ధగా నడిపిన పాత బాప్తిస్మపు రిజిస్టర్లలో కొత్త పేరు పక్కనే పాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసేవారు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు పాత సంఘములు 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాటు మిషన్ సేవలో పెరిగి, 1947లో దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు పని చేశారు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము ఆ పని నుండి వచ్చినదే. మీ ముత్తాత బాప్తిస్మము పొందినప్పుడు మీ ఊరు ఏ మిషన్ కింద, ఏ గుడి కింద ఉండేదో ముందు తెలుసుకోండి. మీ ఊరి గుడి కొత్తదైతే రిజిస్టరు పాత స్టేషనులో ఉండవచ్చు.

మూడవది, జిల్లా. "చిత్తూరు జిల్లా" అని వెదికితే చాలావరకు ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ ఓడలు నడిచిన కాలంలో ఎక్కువ భాగం ఆ జిల్లాయే లేదు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపలో ఉండేవి. ఉత్తర ఆర్కాటుకు చిత్తూరే ముఖ్యపట్టణము. కావున పద్దులో "చిత్తూరు" అని ఉంటే అది ఊరో, తాలూకాయో, దొర కచేరీ ఉన్న చోటో చూసుకోవాలి. తిరుపతి వారిని చంద్రగిరి తాలూకా కింద వెదకాలి. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఊరు కదలలేదు, దాని మీద పేర్లు మారాయి, అంతే.

ఇంకొక మాట. కూలీలను చేర్చుకునేటప్పుడు అధికారి ఎదుట నిలబెట్టి పేరు రాయించేవారు. మన మనిషి పని వెదుక్కుంటూ వేలూరు పోయి అక్కడ మేస్త్రీ కంట పడి ఉండవచ్చు. కావున మన పక్క తాలూకాలను, తమిళ తాలూకాలను కూడా వదలవద్దు.

నాలుగవది, రాత. తెలుగు మనిషి చెప్పిన పేరును గుమాస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాశాడు. గంగడు కంగడు కావచ్చు, చెంగమ్మ సెంగమ్మ కావచ్చు, పల్లె పట్టి కావచ్చు. కావున ఇంగ్లీషు అక్షరాలను కంటితో చదవక, పైకి పలికి చెవితో వినండి. చిన్న పిల్లవాడిచేత గట్టిగా చదివించి, అవ్వను విననివ్వండి. ఆమెకు వినబడినది చదువుకున్న మనకు కనబడకపోవచ్చు. ఇంటిపేరు కోసం పట్టుబట్టవద్దు. అక్కడ తండ్రి పేరో, కులపు బిరుదో పిల్లలకు ఇంటిపేరుగా నిలిచిపోయింది. అసలు ఇంటిపేరు చాలామందికి పోయింది. ఆ కాలంలో ఇంగ్లీషువారు తెలుగువారిని జెంటూలనీ, తమిళులను మలబారులనీ అనేవారు. ఆ మాటలు కనబడితే తడబడవద్దు.

ఐదవది అన్నిటికంటే పెద్ద అడ్డంకి. అది సిగ్గు. పద్దులో కులము ఉంటుంది, మెత్తగా కాదు, ఉన్నది ఉన్నట్టు. కొందరి ఎదుట క్రైస్తవుడు అని మాత్రమే ఉంటుంది. "ఇదంతా ఇప్పుడు తవ్వడమెందుకు, పిల్లల పెళ్లిళ్లు కావాలి" అని ఇంట్లో పెద్దలే నోరు కట్టేస్తారు. కూలీగా పోయినవాడని చెప్పుకోవడానికి కొందరికి చిన్నతనము. మత్తయి సువార్త మొదటి అధ్యాయము తీసి చూడండి. అక్కడ తామారు, రాహాబు పేర్లున్నాయి. పరదేశము నుండి వచ్చి పరిగె ఏరుకున్న రూతు పేరున్నది. వంశావళి రాసినవాడు వారిని దాచలేదు. చెమటోడ్చి బతికిన పెద్దనాయనను మనము దాచడమెందుకు? ఇష్టపడని పెద్దవారిని మాత్రం బలవంతపెట్టవద్దు. పక్కన కూర్చుని వక్కాకు నూరి ఇస్తూ అడిగితే మాట దానంతట అదే వస్తుంది.

ఇక ఎక్కడ వెదకాలి? నేటాల్ ఓడ పద్దులు డర్బన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారములో ఉన్నాయి. క్వాజులు నేటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ–లుథులి కేంద్రము వాటిని కంప్యూటరు కెక్కించే పని చేసింది. మారిషస్‌కు పోయినవారి పద్దులు, కొందరి ఫోటోలతో సహా, మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ఫిజీ పాసులు సువాలోని జాతీయ భాండాగారములో ఉన్నాయి. రంగం, సింహళము, మలయా పోయినవారికి ఇంత వివరమైన పద్దులు లేవు. వారి విషయములో ఇంటి జ్ఞాపకాలే ముఖ్యము. "ఓడెక్కినాడు" అంటే అన్నీ ఒకటి కావు. కాబట్టి చెరుకు తోటా, రబ్బరు తోటా, బియ్యపు మిల్లా అని ముందు అడిగి తెలుసుకోండి.

ఉత్తరము రాసేటప్పుడు కథంతా రాయవద్దు. మనిషి పేరు, తండ్రి పేరు పాతదీ కొత్తదీ, ఊరు, ఆనాటి తాలూకా, సుమారు కాలము – ఈ ఐదు ముక్కలు చాలు. ఇంగ్లీషు వచ్చిన యౌవనస్థులు సంఘములో ఉంటారు, వారి సాయము తీసుకోండి. పేరొక్కటి కలిసిందని "దొరికినాడు" అని సంబరపడవద్దు. తండ్రి పేరు, ఊరు, వయస్సు ఈ మూడింటిలో రెండైనా కలవాలి. వెదికి పెడతామని ముందుగానే డబ్బు అడిగేవారి విషయములో జాగ్రత్త.

క్రైస్తవుడిగా పోయినవారైతే అక్కడి సంఘములను కూడా అడగవచ్చు. నెల్లూరు బాప్తిస్టు సంఘము నుండి జాన్ రంగయ్యగారు 1903లో కుటుంబముతో నేటాల్ వెళ్లి, కియర్స్‌నీ తేయాకు తోటలోని తెలుగువారితో సంఘము స్థాపించారు. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. తెలుగు మరచిపోకూడదని పట్టుదల పట్టినవారు అక్కడ తరతరాలుగా ఉన్నారు.

వారు కూడా మనలను వెదుకుతున్నారని మరువవద్దు. 1946లో మన దేశము దక్షిణాఫ్రికాతో వ్యాపారము తెంచుకుంది. పూర్తి దౌత్య సంబంధాలు 1993లో గాని తిరిగి రాలేదు. దాదాపు యాభై ఏండ్లు దారి సరిగా లేదు. ఆ లోపల ఊరి పేరు తెలిసిన తరము ఇక్కడా అక్కడా గడచిపోయింది. ఈనాడు వారి చేతిలో ఊరి పేరు రాసిన కాగితమున్నది, ఇక్కడ ఎవరిని అడగాలో తెలియదు. మన చేతిలో మనిషి జ్ఞాపకమున్నది, కాగితము లేదు. ఈ రెండు సగాలూ కలవాలి. అందుకే సంఘ కాపరులకు, పెద్దలకు మా మనవి: బీరువా అడుగున ఉన్న పాత రిజిస్టర్లను చెదలు తినకముందే ఎండకు చూపి, ఫోటోలు తీయించి, ఒక ప్రతి వేరే చోట ఉంచండి. ఎవరైనా వచ్చి అడిగితే విసుక్కోకుండా తెరిచి చూపండి.

ఇంత చేసినా దొరకకపోతే? అలా జరగవచ్చు. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో చెర నుండి తిరిగి వచ్చినవారి లెక్క ఉన్నది. తమ పితరుల ఇల్లు ఏదో చూపలేకపోయినవారు 652 మంది అందులో ఉన్నారు. రుజువు లేకపోయినా వారిని కూడా లెక్కించి, వారి సంఖ్య రాసిపెట్టారు. మనమూ అలాగే చేయవచ్చు. కుటుంబ బైబిలు మొదటి పేజీలో మనము పేర్లు రాసుకుంటాము గదా. అక్కడ అవ్వ తండ్రి పేరు పక్కన అతని అన్న పేరు కూడా రాయండి. "ఓడెక్కి పోయినాడు" అని రాస్తే చాలు. మీ మనవలు ఎవరైనా రేపు వెదకడానికి అది మొదటి మెట్టు.

ఆ సహోదరికి మేమిచ్చిన జవాబు ఇదే: పెద్ద ఊళ్లకు తిరగడం తరువాత. ఈ రాత్రి అన్నాలైన తరువాత అవ్వ దగ్గర కూర్చోండి. నాలుగు మాటలు అడిగి రాసుకోండి. మీ తాత పాత పేరేమి? ఆనాడు మీరుండిన ఊరేది? పెద్దనాయన మీ నాయనకంటే ఎన్నేండ్లు పెద్ద? ఇక నాలుగవది, ఆయన ఒంటిమీద మచ్చ ఏదైనా ఉన్నదని మీ నాయన ఎప్పుడైనా చెప్పినాడా? ఓడెక్కేటప్పుడు గుమాస్తా ఆ మచ్చను చూసి రాసుకున్నాడు. మీ అవ్వ చెప్పే మచ్చా, ఆ పద్దులోని మచ్చా ఒకటైతే, మిగిలిన వివరాలతో పాటు అది గట్టి సాక్ష్యము.

ఆలస్యము చేయవద్దు. పద్దు ఎన్నాళ్లయినా ఉంటుంది. అవ్వ ఉండదు.