గాలి డబ్బా, మూసిన తలుపు



పోయిన ఆదివారం అమ్మ ఫొటో పెట్టాను గదా. మంచం మీద కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న ఫొటో. అందరూ అమ్మను చూస్తారనుకున్నాను. చాలామంది అమ్మ వెనకాల గోడ పక్కనున్న తెల్ల డబ్బాను చూశారు. ఇన్‌బాక్సులో రెండు రకాల మెసేజీలు. "మేడం, అది ఎయిర్ ప్యూరిఫయరేనా? ఏది కొన్నారు? పనిచేస్తుందా?" అని ఒక రకం. రెండోది ఒక పాత ఉద్యమ మిత్రుడిది. "అంబేద్కరిజం ఎయిర్ ప్యూరిఫయర్ దాకా వచ్చిందా?" అని రాసి నవ్వే బొమ్మ పెట్టాడు. ఈ వారం రాద్దామనుకున్న గెస్ట్ లెక్చరర్ల జీతాల సంగతి వచ్చే వారానికి పెట్టి, వీళ్లందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

అమ్మకు అరవై దాటింది. మూడేళ్ల కింద మెట్లెక్కుతుంటే రొప్పు మొదలైంది. తర్వాత కూర్చున్నా రొప్పే. హైదరాబాద్ తీసుకుపోతే డాక్టరు ఒక గొట్టం ఇచ్చి ఊదమన్నాడు. అమ్మ మూడుసార్లు ఊదింది, మూడుసార్లూ సరిపోలేదు. ఆయన కంప్యూటర్ చూసుకుంటూ, "బీడీ తాగేదా? చుట్ట?" అని నన్ను అడిగాడు, అమ్మను కాదు. నేను నోరు తెరిచేలోపు అమ్మే చెప్పింది. "పొగ తాగలే సారూ. పొయ్యి కాడ కూసున్న."

రిపోర్టులో సీఓపీడీ అని రాశారు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి, పాడైపోయి, ఇక వెనక్కి రాని జబ్బు. సిగరెట్ తాగేవాళ్ల జబ్బని మనకు తెలిసింది. కట్టెల పొయ్యి ముందు బతుకంతా గడిపిన ఆడవాళ్లకూ అదే జబ్బు వస్తుంది. ఇంట్లో వంట పొగ వల్ల ప్రపంచంలో ఏడాదికి 32 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి లెక్క కట్టింది. ఆ లెక్కలో ఉన్న ఇళ్లు ఎట్లుంటాయో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో పొయ్యిలోకి పత్తికట్టె, కందికట్టె, వానాకాలమైతే తడి తుమ్మ. పత్తి ఏరుడు అయిపోయాక "కట్టె పీక్కపోండ్రి" అని పటేలు అనడమే మా వాళ్లకు పెద్ద దయ. ఆ కట్టె మోసుకొచ్చి జొన్నరొట్టె చేసేది. ఊదుడు గొట్టం నాకు ఏడేళ్లప్పుడే చేతికొచ్చింది. తమ్ముడి చేతికి ఎప్పుడూ రాలేదు.

నేను డిగ్రీ పిల్లలకు 'గబ్బిలం' పాఠం చెప్తాను. 1941 నాటి కావ్యం. గబ్బిలం రెక్కల గాలికి ఆ పేదవాడి ఆముదపు దీపం ఆరిపోతుందని జాషువా రాశాడు. పిల్లలు ఆ మనిషి ఆకలి గురించి రాస్తారు, అంటరానితనం గురించి రాస్తారు. ఆ గుడిసెలో ఆ మనిషి ఏ గాలి పీల్చాడో ఎవరూ అడగలేదు. పీహెచ్‌డీ చేసిన నేనూ, అమ్మ గొట్టం ఊదలేకపోయేదాకా అడగలేదు.

ఇక ఇల్లు సంగతి. అమ్మను ఊరి నుంచి జహీరాబాద్ తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాక మంచి పోర్షన్ కోసం వెతికాను. రోడ్డుకు దూరంగా, వేపచెట్టున్న సందులో ఒకటి దొరికింది. రెండు వైపుల కిటికీలు. అడ్వాన్స్ మాట కూడా అయింది. లేవబోతుంటే ఇంటావిడ "మీరేమోళ్లమ్మా?" అన్నది. చెప్పాను. మర్నాడు ఫోన్: "మా చుట్టాలు వస్తున్నరు, ఏమనుకోకు." ఇంకో రెండు ఇళ్లల్లో కూడా చుట్టాలే వచ్చారు. చివరికి దొరికింది ముంబై రోడ్డు పక్కన, కింద టైర్ల షాపున్న మేడ మీద పోర్షన్. ఓనరు కులం అడగలేదు, ఎందుకంటే ఆ ఇంట్లోకి ఎవరూ రారు. పగలూ రాత్రీ లారీలు. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. చలికాలం చుట్టుపక్కల చేలల్లో చెరుకు ఆకు కాలబెడితే ఆ మసి కూడా మా మీదికే.

గాలికి కులం లేదని చెప్పేవాళ్లు ఒకసారి ఇల్లు వెతకండి. అమ్మకు కావలసిన మందు వేపచెట్టు సందులో ఉచితంగా ఉంది. అది దొరకలేదు కాబట్టి పదకొండు వేలు పెట్టి డబ్బా కొన్నాను. మిత్రమా, నా అంబేద్కరిజం అక్కడిదాకా ఇట్ల వచ్చింది.

కొనేటప్పుడు సంగతి. షోరూంలో పిల్లగాడు ఏడు స్టేజీలన్నాడు, వైఫై అన్నాడు, ఫోన్లోంచే నడపొచ్చన్నాడు. మీరు రెండే అడగండి. మొదటిది, అసలైన హెపా ఫిల్టరేనా అని. హెచ్ 13 రకమైతే, పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన సన్నటి కణాల్ని కూడా 99.95 శాతం ఆపుతుంది. 'హెపా లాంటిది' అని అట్టపెట్టె మీద ఉంటే అది వేరే సరుకు. రెండోది సీఏడీఆర్, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేసి ఇస్తుందని. లెక్క చాలా సులువు. మా గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. మొత్తం 1200 ఘనపు అడుగులు, మీటర్లలో సుమారు 34. ఆ గాలంతా గంటకు ఐదుసార్లు తిరగాలంటే 170 ఉండాలి. కానీ కంపెనీ చెప్పే అంకె ఫుల్ స్పీడుది, ఆ మోతలో ఎవరికీ నిద్ర పట్టదు. అందుకే అవసరానికి మించి పెద్దది తీసుకొని తక్కువ స్పీడులో నడపడం మేలు. నేను 250 ఉన్నది తీసుకున్నాను. అయొనైజర్ ఉంటే అది ఆపేసే బటన్ ఉందో లేదో చూడండి. కొన్నిటి నుంచి ఓజోన్ వస్తుంది, రొప్పు ఉన్నవాళ్లకు అది విషమే. ఫిల్టర్ ధర ముందే అడగండి. డబ్బా ఒకసారి కొంటాం, ఫిల్టర్ ఏటా కొనాలి. కరెంటుకు భయపడొద్దు. నలభై వాట్ల మిషన్ పది గంటలు నడిస్తే అర యూనిట్ కూడా కాలదు.

పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. రాత్రి కిటికీ తెరిచి ఉన్నప్పుడు డబ్బా మీద పీఎం 2.5 అంకె 140 చూపించింది. తలుపు, కిటికీ మూసి గంట నడిపితే 30కి దిగింది. ఇది చవక సెన్సరు, ప్రయోగశాల కాదు, అయినా తేడా అమ్మ దగ్గులో తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటొద్దన్నది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 60. మన ఊపిరితిత్తులు నాలుగు రెట్లు గట్టివని అనుకున్నారేమో. వంటింట్లో పోపు వేసినా అంకె ఎగురుతుంది. దోమల కాయిల్ వెలిగించి పక్కనే ఇది ఆన్ చేసేవాళ్లను చూశాను, అది చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఇంకొకటి మాత్రం గట్టిగా చెప్తాను. కోహీర్ వైపు చలి సంగతి మీకు తెలుసు. డబ్బా ఉంది కదా అని నిప్పుల కుంపటి పెట్టుకొని తలుపు మూసి పడుకుంటే ప్రాణం పోతుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ ఫిల్టర్ ఏమీ చేయలేదు.

మెసేజీ పెట్టినవాళ్లలో సగం మంది అమ్మలు ఊళ్లల్లోనే ఉన్నారు. వాళ్లకు నా జవాబు, కొనొద్దు. రేకులకూ గోడకూ మధ్య జానెడు సందున్న ఇంట్లో ఇది బయట గాలిని కడుగుతూ కూర్చుంటుంది. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే అంకె వందల్లో ఉంటుంది, ఏ డబ్బా తట్టుకోదు. ఆ డబ్బు గ్యాసుకు పెట్టండి. మా చిన్నమ్మ ఇంట్లో సిలిండర్ ఉంది. దాని మీద చాయ్ మాత్రం కాస్తుంది. నీళ్లు కాగేది, రొట్టె అయ్యేది కట్టెల మీదే. "గ్యాసు మీద రొట్టె పొంగదు" అంటుంది. అసలు మాట అది కాదు. అయిదు వందల సిలిండర్ అని ప్రభుత్వం 2024 నుంచి ఇస్తున్నా, ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. కూలికి పోయే మనిషి దగ్గర ఆ 'ముందు' ఉండదు. ఇప్పుడు ఆ ముందు డబ్బు నేను కడుతున్నాను, పెద్ద పెనం కొనిచ్చాను. రొట్టె పొంగుతోంది. అయినా నీళ్లు కట్టెల మీదే కాస్తుంది. అమ్మ పండగకు పోయి నాలుగు రోజులుండి వస్తే మళ్లీ పది రోజులు దగ్గు.

మిత్రుడి వెక్కిరింపులో ఒక నిజముంది, దాన్ని దాటిపోను. డబ్బా కొన్నవాడికి బయటి గాలితో పని అయిపోయినట్టే అనిపిస్తుంది. బోర్ నీళ్లు చెడితే వాటర్ ఫిల్టర్ పెట్టుకొని నోరు మూసుకున్న మధ్యతరగతిని చూశాం. మనమూ అదే దారిన పోవొచ్చు. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో కళ్లు మూసుకున్నా పటాన్‌చెరు వచ్చిందని ముక్కు చెప్తుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు, బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది. అదే రోడ్డు మన దాకా వస్తుంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ పేరుతో 12 వేల పైచిలుకు ఎకరాలు. 2024లో ఫార్మాకు భూములివ్వమని న్యాల్‌కల్ మండలం డప్పూర్, మల్గి రైతులు రోడ్డెక్కారు. ఆ భూముల చర్చంతా ఎకరాకు ఎంత అన్న దగ్గరే తిరిగింది. ఆ ఎకరాల లెక్కలో భూమి లేని కూలోడు లేడు. వాడి వాటాకు గాలి మాత్రం తప్పక వస్తుంది. ఆ గాలి గురించి గ్రామసభలో మైకు అందుకొని అడగాల్సింది మనమే, ఇంట్లో డబ్బా ఉన్నా సరే. 1927లో మహాడ్ చెరువుకు నడిచినవాళ్ల ఇళ్లల్లో నీళ్ల కుండ ఉండొద్దా?

అమ్మకు మాత్రం ఈ డబ్బాతో సఖ్యత కుదరలేదు. కారణం తలుపు. తలుపు మూస్తేనే అది పనిచేస్తుంది. "మూసిన తలుపు ముందట నిలబడీ నిలబడీ వచ్చిన, నా తలుపు నేను మూస్తనా బిడ్డా?" అంటుంది. నా దగ్గర జవాబు లేదు. పగలు తలుపు ఆమె ఇష్టం, రాత్రి పది తర్వాత నా ఇష్టమని ఒప్పందం చేసుకున్నాం.

మొన్న మొదటి ఫిల్టర్ మార్చాను. తెల్లగా వచ్చింది బొగ్గులా అయింది. కవర్లో వేసి చెత్తబుట్టలో పెట్టాను. మున్సిపాలిటీ బండి అక్క పైకొచ్చింది. మా వాడ మనిషే, పక్క ఊరు. మూతికి కొంగు కట్టుకుంది, చేతికి గ్లౌజు లేదు. కవర్ విప్పి, చట్రం ప్లాస్టిక్‌దా కాదా అని ఫిల్టర్‌ను గోడకేసి దులిపింది. నల్లటి దుమ్ము ఆమె మొహం మీదికే లేచింది. ఏడాదిగా మేము పీల్చకుండా తప్పించుకున్నది అది. నేను పరుగెత్తుకొచ్చి "దులపకక్కా, దులపకు" అన్నాను. "గింతదానికేంది మేడం, గా డంపింగ్ యార్డు కాడ పొగ సూడలే నువ్వు" అని నవ్వింది.

అమ్మ ఆమెను లోపలికి పిలిచి మంచం మీద కూర్చోబెట్టింది. చాయ్ పెట్టమన్నది. తలుపు బార్లా తెరిచే ఉంది. డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోంది. అమ్మ లేచి దాని స్విచ్ ఆపేసి, "కరెంటు దండుగ" అన్నది.